కాన్సస్ విశ్వవిద్యాలయ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు: ఈ చరిత్రలో ఎవరెవరికి చోటు?

1. పాతస్కోరు

సభ్యులందరికీ నమస్కారం. కాన్సస్ విశ్వవిద్యాలయపు పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు చరిత్రను కొంతకాలంగా ఒక దీర్ఘవ్యాసంగా రాస్తున్నాను. మొదటి అధ్యాయం రాయడానికి కష్టం కలగలేదు. 1891 డిసెంబరులో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, చలికాలమంతా వ్యాయామశాలలోనే గడపవలసి వచ్చిన పద్దెనిమిది మంది విద్యార్థుల కోసం, రెండు పీచు పండ్ల బుట్టలు, పదమూడు నియమాలతో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను కనిపెట్టారు. 1898లో ఆయన కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్ పట్టణానికి వచ్చి, విశ్వవిద్యాలయంలో వ్యాయామ విద్యను, ప్రార్థనా సమావేశాలను చూసుకునే ఉద్యోగంలో చేరారు. 1899 ఫిబ్రవరి 3న ఆయన జట్టు కాన్సస్ సిటీ వై.ఎం.సి.ఎ. జట్టుతో తొలి మ్యాచ్ ఆడి 16–5 తేడాతో ఓడిపోయింది.

తొమ్మిది సీజన్లలో నైస్మిత్ జట్టు 55 మ్యాచ్‌లు గెలిచి 60 ఓడింది. ఆ తరువాత అక్కడ పనిచేసిన ప్రధాన శిక్షకులందరికీ ఓటముల కంటే గెలుపులే ఎక్కువ. ఆటను కనిపెట్టిన మనిషికే ఆ రికార్డు లేకపోవడాన్ని చాలామంది వింతగా చెప్పుకుంటారు. నాకు అందులో వింత కనిపించదు. ఆయన ఈ ఆటను శరీరానికి, నడవడికకు శిక్షణగా చూశారు. వ్యూహాలు పన్ని గెలిపించే శిక్షకుడు ఒకరు అవసరమని ఆయన అనుకోలేదు.

ఇక్కడినుంచే నాకు చిక్కు మొదలైంది. ఈ జట్టు కథను అందరూ గురుశిష్య పరంపరగా చెబుతారు. నైస్మిత్ దగ్గర ఫారెస్ట్ అలెన్ ఆడారు. అలెన్ దగ్గర అడాల్ఫ్ రప్, డీన్ స్మిత్ ఆడారు. రప్ శిక్షకుడిగా కెంటకీకి వెళ్లి 876 విజయాలు, స్మిత్ ఉత్తర కరోలినాకు వెళ్లి 879 విజయాలు సాధించారు. ఒక్క వ్యాయామశాలనుంచి ఇన్ని కొమ్మలు రావడం గొప్ప విషయమే అయినా, ఈ ఒక్క గీత మీద మొత్తం చరిత్రను నిలబెట్టవచ్చునా, లేక అది కొందరిని కప్పిపుచ్చుతున్నదా అన్నది నా సందేహం. ఈ జట్టును లోతుగా చదివినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

2. జంప్‌బాల్

పాతస్కోరు గారూ, పరంపర అన్న మాట వాడేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. నైస్మిత్, అలెన్‌ల మధ్య ఉన్నది ఏకాభిప్రాయం కాదు, భిన్నాభిప్రాయం. అలెన్ తనకు శిక్షకుడి ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు, బాస్కెట్‌బాల్ ఆడుకునే ఆటే తప్ప ఒకరు శిక్షణ ఇచ్చి నేర్పేది కాదని నైస్మిత్ అన్నట్లు చెబుతారు. ఆ మాట తప్పని రుజువు చేయడానికే అలెన్ తన జీవితాన్ని వెచ్చించారని నా అభిప్రాయం.

ఆయన 1907నుంచి 1909 వరకు, తిరిగి 1919నుంచి 1956 వరకు కాన్సస్ జట్టును నడిపి 590 విజయాలు సాధించారు. మధ్యలో పదేళ్లు జట్టును చూసుకున్న డబ్ల్యు.ఓ. హామిల్టన్ పేరును కూడా మీ వ్యాసంలో మరచిపోకండి. అలెన్ ఎముకలనూ కండరాలనూ చేతులతో సరిచేసే ఆస్టియోపతీ వైద్యం చదివినవారు. ఆటగాళ్ల మోకాళ్లనూ మడమలనూ స్వయంగా పరీక్షించి సరిచేసేవారు. బేస్‌బాల్ అంపైరుగా ఉన్న రోజుల్లో పొగమంచులో ఓడలను హెచ్చరించే బూరలాంటి గొంతు వల్ల ఆయనకు 'ఫాగ్' అన్న పేరు వచ్చింది.

అలెన్ కోర్టు బయట చేసిన పని కోర్టులో చేసిన పనికి ఏమాత్రం తీసిపోదు. 1927లో నియమాల సంఘం డ్రిబ్లింగ్‌ను, అంటే బంతిని నేలకు కొడుతూ ముందుకు సాగడాన్ని, ఒక్క బౌన్సుకు పరిమితం చేయబోయినప్పుడు ఆయన దేశంలోని శిక్షకులను కూడగట్టి ఎదిరించారు. బాస్కెట్‌బాల్ శిక్షకుల జాతీయ సంఘం ఆ పోరాటంలోనే పుట్టింది. ఆ సంఘమే 1939లో జాతీయ కళాశాలల టోర్నమెంటును మొదలుపెట్టింది. మొదటి ఏడాది నష్టం వచ్చింది. మరుసటి ఏడాది ఫైనల్‌ను కాన్సస్ సిటీకి తెచ్చి, నిర్వహణ భారం తన మీద వేసుకుని, ఆ టోర్నమెంటును నిలబెట్టినవారు అలెనే. ఆ ఫైనల్లో ఆయన జట్టే ఇండియానా చేతిలో 60–42తో ఓడిపోయింది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్‌ను చేర్పించడానికి పట్టుబట్టినవారిలోనూ ఆయన ముందున్నారు. తన ఆట ఒలింపిక్స్‌లో అడుగుపెట్టడాన్ని చూడడానికి వృద్ధుడైన నైస్మిత్ బెర్లిన్ వెళ్లగలిగారంటే, అందుకు అమెరికా అంతటా బాస్కెట్‌బాల్ అభిమానులు పోగుచేసిన చందాలే కారణం. అభిప్రాయభేదం అభిప్రాయభేదంగానే ఉన్నా, గురువు పట్ల గౌరవం ఎక్కడా తగ్గలేదు.

3. లారెన్స్‌వాసి

నేను ఆ విశ్వవిద్యాలయంలో రెండేళ్లు చదువుకున్నాను, కాబట్టి కళ్లారా చూసినది చెబుతాను. అలెన్ ఫీల్డ్‌హౌస్ 1955 మార్చి 1న ప్రారంభమైంది. ఆనాడు కాన్సస్ స్టేట్ జట్టు మీద 77–67తో గెలిచారు. భవనానికి అలెన్ పేరు, లోపలి కోర్టుకు నైస్మిత్ పేరు, ముందున్న రోడ్డుకు మళ్లీ నైస్మిత్ పేరు పెట్టారు. ఆ భవనానికి ఆనుకుని ఉన్న డిబ్రూస్ సెంటర్‌లో నైస్మిత్ మొదటి నియమాల ప్రతి ఉంది. విశ్వవిద్యాలయ పూర్వవిద్యార్థి డేవిడ్ బూత్ 2010లో వేలంలో 43 లక్షల డాలర్లకు పైగా చెల్లించి దానిని లారెన్స్‌కు తెచ్చారు.

అద్దం వెనుక ఉన్నవి రంగు మారిన రెండు టైపు కాగితాలే. వాటి ముందు నిలబడి నేను పదమూడు నియమాలూ చదివాను. ఆటగాడు బంతి పట్టుకుని పరుగెత్తకూడదని, పట్టుకున్న చోటినుంచే విసరాలని మూడో నియమం చెబుతుంది. డ్రిబ్లింగ్ ప్రస్తావన ఆ రెండు పేజీల్లో ఎక్కడా లేదు. జంప్‌బాల్ గారు చెప్పిన 1927 పోరాటం నాకు సరిగ్గా అర్థమైంది ఆ అద్దం ముందే. నైస్మిత్ కాగితం మీద లేనిదాన్ని ఆటగాళ్లు కోర్టులో కనిపెట్టుకున్నారు. అలెన్ దానిని కాపాడారు.

4. చరిత్రపాఠకురాలు

పాతస్కోరు గారి అసలు ప్రశ్నకు ఇంకా సమాధానం రాలేదు. పరంపర అన్న గీత కప్పిపుచ్చిన పేరు ఒకటి ఉంది. అది జాన్ మెక్లెండన్.

ఆయన 1915లో కాన్సస్ రాష్ట్రంలోనే హయవాథాలో పుట్టారు. శిక్షకుడు కావాలన్న కోరికతో 1933లో ఈ విశ్వవిద్యాలయంలో చేరారు. నైస్మిత్ దగ్గరికి వెళ్లి ఆయననే తన సలహాదారుగా అడగమని తండ్రి చెప్పి పంపగా, ఆయన అలాగే వెళ్లి చెప్పారు, నైస్మిత్ ఒప్పుకున్నారు. అప్పటికి నైస్మిత్ జట్టు బాధ్యతలు వదిలి పాతికేళ్లు దాటింది. జట్టు అలెన్ చేతిలో ఉంది, ఆ జట్టులో నల్లజాతి విద్యార్థికి ప్రవేశం లేదు. బానిసత్వాన్ని వ్యతిరేకించినవారు 1854లో స్థాపించుకున్న పట్టణం లారెన్స్. అలాంటి ఊరిలోని విశ్వవిద్యాలయపు జట్టు ఎనభై ఏళ్ల తరువాత కూడా ఇలా ఉండడం చదివినప్పుడు నాకు చాలా బాధ కలిగింది.

ఈత కొలను సంగతి కూడా చెప్పాలి. వ్యాయామ విద్య పట్టాకు ఈత తప్పనిసరి. కానీ నల్లజాతి విద్యార్థులను కొలనులోకి రానివ్వకుండా, ఈత కొట్టకపోయినా ఆ నిబంధన పూర్తిచేసినట్లు రాసిచ్చే పద్ధతి అక్కడ ఉండేది. మెక్లెండన్ ఆ సదుపాయాన్ని తిరస్కరించి కొలనులో దిగారు. ఆయన బయటికి వచ్చాక కొలనులోని నీళ్లన్నీ తోడిపోశారు. ఆయన పట్టు విడవలేదు, నైస్మిత్ ఆయన పక్షాన నిలిచారు, చివరికి కొలను అందరికీ తెరుచుకుంది. 1936లో మెక్లెండన్ ఆ విశ్వవిద్యాలయంలో వ్యాయామ విద్య పట్టా పొందిన తొలి నల్లజాతి విద్యార్థి అయ్యారు. జట్టులో మాత్రం ఒక్క నిమిషం కూడా ఆడలేదు.

5. బెంచిపక్కన

చరిత్రపాఠకురాలు గారి ఆవేదనను గౌరవిస్తూనే నా అభ్యంతరం చెబుతున్నాను. ఇది విశ్వవిద్యాలయ చరిత్ర కాదు, జట్టు చరిత్ర. జట్టు చరిత్రకు ఒక హద్దు ఉండాలి. ఆ దుస్తులు వేసుకుని ఆడినవారు, ఆ బెంచి మీద కూర్చుని నడిపినవారు ఆ హద్దులోకి వస్తారు. మెక్లెండన్ మహనీయుడే, ఆయనకు ప్రత్యేక వ్యాసం రాయవలసిందే. ఆడని మనిషిని ఆడినవారి జాబితాలో చేర్చడం చరిత్రను సరిదిద్దడం అవుతుందా, లేక ఆ జట్టుకు దక్కని గౌరవాన్ని దానికి కట్టబెట్టడం అవుతుందా? ఆయన ఘనతను కాన్సస్ తన ఖాతాలో వేసుకునే ప్రమాదం కూడా ఇందులో ఉంది. వద్దన్నవారే తరువాత మావాడని చెప్పుకోవడం న్యాయం కాదు.

6. చరిత్రపాఠకురాలు

బెంచిపక్కన గారి చివరి వాక్యంతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. అందుకే ఆయనను ఘనతల పట్టికలో చేర్చమని నేను అనడం లేదు. జట్టులోకి ఎవరిని తీసుకోవాలన్నది జట్టు నిర్ణయమే అయినప్పుడు, ఎవరిని తీసుకోలేదన్నదీ ఆ జట్టు చరిత్రే అవుతుంది. 1936లో అలెన్ బెంచి మీద ఎవరు కూర్చున్నారో రాసేటప్పుడు, అదే ప్రాంగణంలో తరగతికి వస్తూ, అదే ఆటను దాన్ని కనిపెట్టినవారి దగ్గరే నేర్చుకుంటూ, కూర్చోవడానికి వీలులేక పోయినవారు ఎవరో రాయకపోతే ఆ పేజీ సగమే.

ఆయన తరువాత చేసినది చూడండి. 1944 మార్చిలో ఒక ఆదివారం ఉదయం ఉత్తర కరోలినాలోని డర్హమ్‌లో, పట్టణమంతా చర్చిలో ఉన్న సమయం చూసుకుని, తన నల్లజాతి కళాశాల జట్టుకూ డ్యూక్ వైద్య కళాశాలకు చెందిన తెల్లజాతి జట్టుకూ తలుపులు మూసిన వ్యాయామశాలలో రహస్యంగా మ్యాచ్ జరిపించారు. అప్పట్లో అది చట్టాన్ని ధిక్కరించడమే. ఆయన జట్టు వేగంగా పరుగెత్తే ఆటతో 88–44తో గెలిచింది. ఆ తరువాత రెండు జట్లవారూ కలిసిపోయి, రెండు మిశ్రమ జట్లుగా ఏర్పడి మళ్లీ ఆడారు. బంతి దొరకగానే ఎదుటివారు సర్దుకునేలోపు పరుగెత్తి దాడిచేసే ఫాస్ట్ బ్రేక్‌ను, కోర్టంతా ఒత్తిడి పెట్టే రక్షణను తీర్చిదిద్దినవారిలో ఆయన అగ్రగణ్యుడు. ఆటగాళ్లు నాలుగు మూలలకు జరిగి బంతిని అట్టిపెట్టుకునే, డీన్ స్మిత్ ప్రసిద్ధం చేసిన 'ఫోర్ కార్నర్స్' వ్యూహానికి పూర్వరూపం మెక్లెండన్ ఆటలో ఉందని చెబుతారు. మీరు గీసిన పరంపర గీత ఒకటే అయితే, ఇది దానికి పక్కనే సాగిన రెండో గీత, నైస్మిత్‌నుంచి నేరుగా మొదలైనది.

7. జంప్‌బాల్

ఈ రెండు గీతలూ ఒకే చోట కలిసిన నెల ఒకటి ఉంది. అది 1957 మార్చి.

ముందుగా కొంత నేపథ్యం. అలెన్ జట్టు 1952లో సియాటిల్‌లో సెయింట్ జాన్స్‌ను 80–63తో ఓడించి జాతీయ టైటిల్ గెలిచింది. ఆ ఫైనల్లో క్లైడ్ లవ్‌లెట్ ఒక్కడే 33 పాయింట్లు చేశాడు. కాన్సస్ జట్టులో తొలి నల్లజాతి ఆటగాడు లవాన్స్ స్క్వైర్స్ ఆ జట్టులోనే ఉన్నాడు. అంటే మెక్లెండన్ పట్టా పుచ్చుకున్న పదిహేనేళ్లకు గాని ఆ తలుపు తెరుచుకోలేదు. 1955లో ఫిలడెల్ఫియానుంచి ఏడడుగుల విల్ట్ చాంబర్లెయిన్ వచ్చాడు. మొదటి సంవత్సరం విద్యార్థులు ప్రధాన జట్టులో ఆడకూడదన్న నిబంధన ఉండేది. మొదటి సంవత్సరం జట్టు తరఫున ప్రధాన జట్టు మీదే ఆడి అతను 42 పాయింట్లు చేయగా, ప్రధాన జట్టు 81–71తో ఓడింది. అతను ప్రధాన జట్టులోకి వచ్చే వేళకు అలెన్‌కు డెబ్భై ఏళ్లు నిండి, నిబంధన ప్రకారం 1956లో పదవీ విరమణ చేయవలసి వచ్చింది. తాను తెచ్చిన ఆటగాణ్ణి ఒక్క అధికారిక మ్యాచ్‌లోనూ నడిపించలేకపోయారు. బాధ్యత డిక్ హార్ప్ మీద పడింది. విల్ట్ తన తొలి మ్యాచ్‌లో నార్త్‌వెస్టర్న్ మీద 52 పాయింట్లు, 31 రీబౌండ్లు (గురి తప్పి వెనక్కి వచ్చిన బంతులను అందుకోవడం) సాధించాడు.

1957 ప్రాంతీయ పోటీలకు డాలస్ వెళ్లినప్పుడు జట్టు నగరంలో కాక పక్క ఊరైన గ్రాండ్ ప్రైరీలో బస చేయవలసి వచ్చింది. గ్యాలరీలనుంచి నల్లజాతి ఆటగాళ్లైన విల్ట్ మీద, మోరిస్ కింగ్ మీద తిట్లు కురిశాయి. ఆ రెండు మ్యాచ్‌లూ గెలిచి, సెమీఫైనల్ దాటి, మార్చి 23న కాన్సస్ సిటీ మున్సిపల్ ఆడిటోరియంలో ఒక్క ఓటమి కూడా లేని ఉత్తర కరోలినాతో ఫైనల్ ఆడారు. ఆరంభంలో పైకి విసిరిన బంతికోసం ఇద్దరు ఎగిరే జంప్‌బాల్‌కు ఉత్తర కరోలినా శిక్షకుడు ఫ్రాంక్ మెక్‌గ్వైర్ ఆరడుగులు కూడా లేని టామీ కెర్న్స్‌ను పంపించారు. విల్ట్ బంతి అందుకుంటాడని అందరికీ తెలుసు, దానిని వదులుకుని అతని మనసును తడబెట్టడమే ఆ ఎత్తుగడ. నిర్ణీత సెకన్లలోపు బంతిని బుట్టవైపు విసరాలని లెక్కపెట్టే షాట్ క్లాక్ లేని కాలం అది. విల్ట్‌ను ఇద్దరు ముగ్గురు చుట్టుముట్టారు, రెండు జట్లూ బంతిని అట్టిపెట్టుకుని నిమిషాలు గడిపాయి. నిర్ణీత సమయానికి 46–46, మొదటి ఓవర్‌టైమ్‌కు 48–48. రెండో ఓవర్‌టైమ్‌లో ఎవరూ ఒక్క పాయింటు కూడా చేయలేదు. మూడో దానిలో ఆరు సెకన్లు మిగిలి ఉండగా జో క్విగ్ రెండు ఫ్రీ త్రోలు వేశాడు. చివరిగా విల్ట్‌కు విసిరిన బంతిని కూడా క్విగ్గే చేత్తో తప్పించాడు. 54–53తో ఉత్తర కరోలినా గెలిచింది.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న విషయానికి వస్తాను. అదే ఆడిటోరియంలో, అదే నెలలో, అంతకు కొద్ది రోజుల ముందు చిన్న కళాశాలల జాతీయ టోర్నమెంటు అయిన ఎన్.ఎ.ఐ.ఎ. ఫైనల్ జరిగింది. దానిని గెలిచినది టెనెసీ ఎ అండ్ ఐ. అన్ని జాతులవారూ ఆడిన జాతీయ టోర్నమెంటును ఒక నల్లజాతి కళాశాల గెలవడం అదే మొదటిసారి. ఆ జట్టు శిక్షకుడు జాన్ మెక్లెండన్. 1958లోనూ 1959లోనూ వారే గెలిచారు.

8. బెంచిపక్కన

జంప్‌బాల్ గారూ, ఈ రెండు ఫైనళ్లనూ విడివిడిగా చదివాను గాని ఒకే నెల, ఒకే కప్పు కింద జరిగాయన్నది ఎన్నడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. నా అభ్యంతరాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఘనతల పట్టికలో వద్దన్న మాటకు మాత్రం కట్టుబడి ఉన్నాను, దానికి చరిత్రపాఠకురాలు గారు కూడా అంగీకరించారు.

తరువాతి కాలం గురించి నాకు తెలిసినంత క్లుప్తంగా చేరుస్తాను. టెడ్ ఓవెన్స్ జట్టు 1971లోనూ 1974లోనూ చివరి నాలుగు జట్లలో నిలిచింది. 1988లో లారీ బ్రౌన్ జట్టు పదకొండు ఓటములతో టోర్నమెంటుకు వచ్చి టైటిల్ గెలిచింది. కాన్సస్ సిటీలోనే ఓక్లహోమా మీద 83–79తో గెలిచిన ఆ ఫైనల్లో డానీ మానింగ్ 31 పాయింట్లు, 18 రీబౌండ్లు సాధించాడు. ఆ వెంటనే నియమోల్లంఘనల కారణంగా నిషేధం పడి, మరుసటి ఏడాది టైటిల్‌ను నిలుపుకునే అవకాశమే లేకుండా పోయింది. దీనిని కూడా దాచకుండా రాయాలి. డీన్ స్మిత్ సహాయకుడైన రాయ్ విలియమ్స్ 15 సీజన్లలో 418 విజయాలు సాధించి, 1991, 2003 ఫైనళ్లు రెండూ ఓడి, తిరిగి ఉత్తర కరోలినాకే వెళ్లిపోయారు. 2003లో బిల్ సెల్ఫ్ వచ్చారు. 2008 ఫైనల్లో మెంఫిస్ మీద 2.1 సెకన్లు మిగిలి ఉండగా మారియో చామర్స్ వేసిన త్రీ పాయింటర్ ఆటను ఓవర్‌టైమ్‌కు తీసుకెళ్లింది, చివరికి 75–68తో గెలిచారు. 2005నుంచి 2018 వరకు వరుసగా పద్నాలుగు సార్లు బిగ్ 12 లీగ్ టైటిల్ వారిదే. అయితే 2017–18 సీజన్‌లోని పదిహేను విజయాలను, ఆ ఏటి ఫైనల్ ఫోర్‌ను తరువాత రికార్డులనుంచి తొలగించారు. 2022లో న్యూ ఆర్లియన్స్‌లో ఉత్తర కరోలినా చేతిలో సగం ఆటకు 40–25తో వెనుకబడి కూడా 72–69తో గెలిచారు. 1957లో ఓడిపోయినది కూడా ఆ జట్టు చేతిలోనే కాబట్టి, ఆ రాత్రి నాకు ఏడ్పు ఆగలేదు. 2024 నవంబరులో సెల్ఫ్ అలెన్ పేరిట ఉన్న 590 విజయాల సంఖ్యను దాటారు.

9. లారెన్స్‌వాసి

విల్ట్ సంగతి ఒకటి చేర్చాలి. ఆ ఓటమి బాధతో అతను చాలా కాలం లారెన్స్ ముఖం చూడలేదు. 1998 జనవరిలో జెర్సీని గౌరవించే కార్యక్రమానికి తన పాత కళాశాల జాకెట్టు వేసుకుని వచ్చాడు. తాను విశ్వవిద్యాలయాన్ని నిరాశపరిచానని నలభై ఏళ్లు మోసిన మనిషికి, అలెన్ ఫీల్డ్‌హౌస్ నిండా జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ వీడియో ఇప్పటికీ చూస్తుంటాను. మాట్లాడుతున్నప్పుడు అతని గొంతు వణకడం స్పష్టంగా వినిపిస్తుంది.

10. పాతస్కోరు

అందరికీ కృతజ్ఞతలు. నా చిక్కు విడిపోయింది. వ్యాసం నిర్మాణాన్ని మారుస్తున్నాను. అలెన్ అధ్యాయంలో 1933నుంచి 1936 వరకు ఉన్న భాగాన్ని రెండుగా విడదీసి, ఒకవైపు జట్టు ఆడిన మ్యాచ్‌లను, మరొకవైపు నైస్మిత్ గదికి వెళ్లివచ్చిన విద్యార్థి చదువును రాస్తాను. 1957 అధ్యాయం మార్చి 23న కాకుండా, అదే ఆడిటోరియంలో టెనెసీ ఎ అండ్ ఐ టైటిల్ అందుకున్న రాత్రితో మొదలవుతుంది. బెంచిపక్కన గారి సూచన ప్రకారం మెక్లెండన్ విజయాలను కాన్సస్ ఖాతాలో వేయను, అవి ఆయన నడిపిన జట్ల పేరుతోనే ఉంటాయి.

ఒక వివరం సరిచూస్తుండగా నా చేయి ఆగిపోయింది. మెక్లెండన్ 1999 అక్టోబరు 8న కన్నుమూశారు. విల్ట్ చాంబర్లెయిన్ అదే నెల 12న కన్నుమూశాడు. ఆ రెండు తేదీలనూ ఒకే వాక్యంలో రాసుకున్నాను.